ఉప్పు డబ్బా కింది నక్ష

పోయిన నెల మా అమ్మ వంటింటికి సున్నం వేయించింది. సున్నం అంటే ఇప్పుడు నిజంగా సున్నం కాదు, డబ్బాల్లో వచ్చే రంగే. కానీ మా అమ్మ లెక్కలో గోడకు పూసేదంతా సున్నమే. సాయం చేద్దామని రెండు రోజులు సెలవు పెట్టి పోచంపల్లి దగ్గరి మా ఊరికి వెళ్లాను. నాకు అప్పగించిన పని అలమరలోని డబ్బాలు దించడం. హైదరాబాదులో ఒక కంపెనీ లెక్కలు చూసే మనిషిని కాబట్టి డబ్బాలు దించడం వరకు నన్ను నమ్మవచ్చని మా ఇంట్లో ఒక అభిప్రాయం ఉంది. ఇంటికి సామాన్లు కొనే పని మాత్రం నాకు అప్పగించి పదేళ్లవుతోంది. ఎందుకు అప్పగించరో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ముప్పై దాటినంత మాత్రాన జ్ఞాపకాలు రాయొచ్చా అని ఎవరైనా అడిగితే, అరవై దాకా ఆగితే మా అమ్మ చెప్పే కథే జనంలో ఉండిపోతుందని నా భయం.

మా ఇంట్లో అన్నిటికన్నా బరువైన డబ్బా ఉప్పుది. గల్లుప్పు అడుగుదాకా దట్టించి పెట్టే పాత ఇనుప డబ్బా. దాన్ని ఎత్తితే కింద నాలుగు మడతలు వేసిన కాగితం కనిపించింది, తుప్పు మరక గుండ్రంగా పడి. విప్పితే గ్రాఫ్ కాగితం. పసుపు, ఎరుపు, పచ్చ, నలుపు గళ్లు. ఎవరైనా చూస్తే చీర డిజైన్ అనుకుంటారు. తప్పు లేదు, గీసినవాడు చీరల డిజైన్లు గీసే మా బాపే, అంటే మా నాన్నే. కానీ అది చీర కాదు. నేను బీకాం రెండో ఏడు చదువుతున్నప్పుడు మా నలుగురి నలభై రోజుల తిండి. ఉన్నట్టుండి వంటింట్లో సున్నం వాసన పోయి, రబ్బరు వాసన, ఉడికిన పట్టు వాసన, వాటిని తోసుకుంటూ ఎల్లిగడ్డ పోపు వాసన వచ్చాయి.

అప్పట్లో మా ఇల్లు ఆ మూడు వాసనల మీదే నడిచేది. ముందు గదిలో గుంట మగ్గం, పక్కన అమ్మ అడ్డదారం చుట్టే ఆసు, కిటికీ కింద అవ్వ రాట్నం, వెనక వంటిల్లు. బాపు చిటికి కడతాడు. అంటే నేయకముందే దారాల మీద ఎక్కడ ఏ రంగు రావాలో లెక్క కట్టి, మిగతా చోట సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పీలికలు బిగించి, రంగులో ముంచడం. కట్టినచోట రంగు ఎక్కదు. విప్పి మళ్లీ కట్టి మళ్లీ ముంచితే రెండో రంగు. ఒక్క ముడి పక్కకు పోతే చిలుక ముక్కు తోకకు వస్తుంది. ఈ పనిలో ముప్పై ఏళ్లున్న మనిషికి లోకంలో ఏ సమస్య అయినా గ్రాఫ్ కాగితం మీద పెడితే తీరుతుందనే నమ్మకం రావడం సహజం. అమ్మ తీరు వేరు. ఆమె వంటలో ఏ కొలతా లేదు. ఉప్పెంత వేశావంటే "ఏసినంత" అనేది. ఇద్దరూ సుఖంగా కాపురం చేయడానికి కారణం బాపు వంటింట్లోకి, అమ్మ గ్రాఫులోకి రాకపోవడమే అనుకుంటాను. ఆ సంవత్సరం బాపు హద్దు దాటాడు.

కారణం షావుకారు. మా వీధిలో అప్పుడు ముప్పై మగ్గాలుంటే ఇరవై అయిదింటికి ఆయనే దారం ఇచ్చేవాడు. ఒక పడుగు ఇస్తాడు, అంటే ఏడు చీరలకు సరిపడే నిలువు దారం. ఏడూ నేసి ఇవ్వడానికి మాకు నలభై రోజులు. ఇచ్చినరోజు మజూరీ. చీరలు ఆయనవి, డిజైన్ ఆయనది. బాపు దగ్గర మాత్రం సొంత డిజైన్ ఒకటి ఉండేది. జొన్న కంకి. ఏళ్ల తరబడి దాన్ని గీసి, చెరిపి, మళ్లీ గీసి, షావుకారుకు చూపించేవాడు. ఆయన ప్రతిసారీ శ్రద్ధగా చూసి, "మంచిగున్నది. గని నడ్వది. చీర మీద ఏనుగు నడుస్తది, చిలుక నడుస్తది. జొన్నకంకి ఏడ నడుస్తది?" అనేవాడు. చివరికి బాపు సొంతంగా పట్టు కొని ఒక్క పడుగు వేసుకుందామని నిర్ణయించాడు. దాచుకున్న డబ్బు కొంత తక్కువ పడింది. ఆ కొంత మిగలాలంటే చేతిలో ఉన్న షావుకారు పడుగు అయ్యేదాకా, ఆ నలభై రోజులు, ఇంటి తిండి ఒక లెక్కలో ఉండాలి. లెక్క అనగానే బాపు గ్రాఫ్ కాగితం తీశాడు.

ఒక మధ్యాహ్నం మేమందరం మగ్గం చుట్టూ కూర్చున్నాం. బాపు నా స్కెచ్ పెన్నులు పట్టుకొని గళ్లు నింపుతున్నాడు. ఒక గడి ఒక పూట. పసుపు గడి పప్పు, ఎరుపు టమాట, పచ్చ ఆకుకూర, నలుపు వంకాయ. ఖాళీగా వదిలింది పచ్చిపులుసు.

"నా వంటకు నక్ష గీస్తున్నవా?" అంది అమ్మ.

"నీ వంటకు గాదు. ఖర్చుకు."

"ఖర్చు నేనేమన్న ఎత్తుకపోతున్ననా?"

"గట్ల ఎవలన్నరు? చీరకు గీసినట్టే గీస్తున్న. అంచుకు పచ్చిపులుసు, నడుమ బొమ్మ."

"బొమ్మేంది?"

"మటన్," అన్నాడు బాపు, ఆ ఒక్క గడిని మాత్రం రెండు రంగులతో దిద్దుతూ.

అవ్వ రాట్నం ఆపింది. మా అవ్వకు రోజుకు మూడు చాయ్‌లు కావాలి. మూడింట్లోనూ చక్కెర ఆమె వేసుకోవాలి. "గిండ్ల చాయ్ గడి ఏదిరా?" అని అడిగింది.

"చాయ్ పడుగసొంటిదమ్మా. గళ్లల్ల కనపడది, అంతట ఉంటది."

అవ్వకు ఆ జవాబు నచ్చింది. అమ్మకు నచ్చలేదు కానీ, మటన్ ఉంది కాబట్టి ఊరుకుంది. బాపు గీత పూర్తిచేసి, కాగితం కుడివైపు కొసన చిన్న గుర్తు పెట్టాడు. రెండు నిలువు గీతలు, మీద ఒక కొక్కెం. నేను దాన్ని సంతకం లాంటిదేదో అనుకున్నాను. డిగ్రీ చదివే పిల్ల అడిగి తెలుసుకోవడమేంటి.

సామాన్లు తెచ్చే బాధ్యత నాది. భువనగిరిలో చదువుతున్నాను, సరుకుల బజారు గంజ్ మా కాలేజీకి దగ్గర, పైగా కామర్స్. అమ్మను కూర్చోబెట్టి ఒక పసుపు గడికి కందిపప్పు ఎంత, ఎరుపు గడికి నూనె ఎంత అని రాబట్టాను. ఆమె ప్రతిదానికీ "ఏసినంత" అంటుంటే చిన్న గ్లాసుతో కొలిపించాను. తర్వాత గళ్లు లెక్కపెట్టి, హెచ్చించి, కూడి, రెండుసార్లు సరిచూసుకున్నాను. రెండుసార్లూ ఒకే మొత్తం వచ్చింది. నా లెక్కలో తప్పు లేదని ఈ రోజుకూ అంటాను. గంజ్‌లో నాలుగు దుకాణాలు తిరిగి, కందిపప్పు నోట్లో వేసుకొని చూసి, చింతపండు గింజ ఎక్కువుందని మొహం చిట్లించి, బేరమాడి కొన్నాను. బస్సులో రెండు సంచులు ఒళ్లో పెట్టుకొని ఇంటికి వస్తుంటే, బాపు ఇచ్చిన డబ్బులో సగానికి సగం నా చేతిలో ఉంది.

ఆ సాయంత్రం మా ఇంట్లో నాకు దక్కిన గౌరవం అంతకుముందు ఎన్నడూ దక్కలేదు, తర్వాత కూడా. అవ్వ దిష్టి తీసింది. బాపు ఆ నోట్లను మూడుసార్లు చూసి, "చదువంటే గిది," అన్నాడు. అమ్మ ఒక్కతే సంచుల్లోకి తొంగి చూసి ఏదో అనబోయి ఊరుకుంది. ఏమనబోయావని తర్వాత అడిగితే, "అందరు సంతోషంగుండ్రి, నడుమ నేనెందుకని," అంది. తక్కువపడ్డ డబ్బు పూడిపోయింది కాబట్టి బాపు నలభై రోజులు ఆగలేదు. ఆ వారమే పట్టు కొనుక్కొచ్చాడు. తెచ్చిన తెల్లారే సబ్బునీళ్లలో వేసి ఉడకబెట్టాడు. పట్టుకు ఉండే జిగురు పోయి మెత్తబడాలంటే ఉడకాలి. ఉడికిన పట్టును దుకాణమాయన వాపసు తీసుకోడు. ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఆ తర్వాతి రోజులు మా ఇంట్లో నేనెరిగిన అత్యంత క్రమశిక్షణ గల రోజులు. పొద్దున లేచి అమ్మ గ్రాఫ్ ముందు నిలబడి, "ఇయ్యాల ఏం రంగు?" అనేది. "నలుపు" అంటే వంకాయ. అవ్వ వచ్చినవాళ్లకు కూడా ఆ భాషే చెప్పేది. "పొద్దుగాల పసుపు, మాపుకు తెలుపు" అని. వాళ్లు మా అవ్వకు పెద్దవయసు వచ్చిందనుకొని జాలిపడేవారు. పచ్చిపులుసు రోజున ఉల్లిగడ్డలు సన్నగా కోసి చింతపండు రసంలో వేస్తే, వాటిని ఎవరికి ఎన్ని వచ్చాయో చూసుకునేవాళ్లం. బాపు మగ్గం మీద ఒక్కో చీర దింపినప్పుడల్లా గ్రాఫ్ వైపు చూసి తల ఊపేవాడు. ఇరవయ్యో రోజు మటన్ వచ్చింది. అర్ధ కిలోకు అమ్మ ఎంత ఎల్లిగడ్డ వేసిందంటే వీధి మొత్తానికి తెలిసింది. నక్ష చివరి గడి అదే. ఎంత బాగా ముగిసింది, పడుగు సగం మిగిలి ఉండగానే మనం గెలిచాం అనుకుంటూ బొక్కలు చప్పరించాను. ఆ వాక్యంలో ఉన్న సమస్య నాకు ఆ పూట తట్టలేదు. కడుపు నిండా తిన్నవాళ్లకు లెక్క తట్టదు.

మరుసటి రోజు మధ్యాహ్నం బాపు పీట మీద కూర్చొని చేతులు రుద్దుకుంటున్నాడు. అమ్మ గిన్నె తెచ్చి పెట్టింది. బాపు మూత తీసి చూశాడు.

"గిదేంది?"

"చింతచిగురు. ఎదురింటి యాదమ్మ ఇచ్చింది."

"ఇయ్యాల మటన్ గదా."

"నిన్ననే తింటివి గదయ్యా!"

"నిన్న తిన్న. ఇయ్యాల గూడ ఉన్నది. నక్ష తిరిగొస్తది గదా." బాపు లేచి కాగితం తెచ్చి, ఆ కొసనున్న గుర్తు మీద వేలు పెట్టాడు. "గిది మడత గుర్తు. సగం గీసి మడత గుర్తు పెడితే, అవతలి సగం అద్దంల లెక్క తిరిగొస్తది. చీరకు ఎన్నడన్న పూర బొమ్మ గీస్తరా? సగమే గీస్తరు. గిది ఇరవై రోజులు, గటుదిక్కు ఇరవై."

చేనేత ఇంట్లో పుట్టి, పడుగుల మధ్య పాకి, మడత గుర్తు తెలియని మనిషి జిల్లా మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. అమ్మ వెళ్లి డబ్బాలు ఒక్కొక్కటే వంచి చూపించింది. కందిపప్పు డబ్బాలో చప్పుడుకు సరిపడా గింజలున్నాయి. నూనె సీసా తలకిందులుగా నిలబెట్టి ఉంది. "డబ్బాలు ఖాళీ అయితున్నయి, పిల్ల రెండోమాటు సామాన్లకు ఎప్పుడు పోతదా అని నేను చూస్తున్న," అంది అమ్మ.

"పైసలు?" అంది అవ్వ.

బాపు వాకిట్లోకి చూశాడు. దండెం మీద పట్టు దారం ఎండలో మెరుస్తోంది. ఆ నెల మా ఇంట్లో సరిగ్గా ఉడికింది అదొక్కటే.

నేను ఏడ్చానని అమ్మ చెప్పే కథలో ఉంటుంది. కంట్లో ఏదో పడిందని నా కథలో ఉంటుంది. అవ్వ నా వీపు మీద చెయ్యి వేసి, "ఊకో బిడ్డా, గంత చదువు చదివితే గీ మాత్రం నష్టం రాదా," అని ఓదార్చింది. బియ్యానికి కొదువ లేదు, రేషన్ బియ్యం ఉన్నాయి. అన్నంలోకే ఏమీ లేదు. ఉద్దెర తేవడానికి ఊళ్లో ఉన్న ఒక్క కిరాణా దుకాణం షావుకారు బామ్మర్దిది. అక్కడ పావు కిలో చక్కెర ఉద్దెర తెస్తే మాపటికల్లా షావుకారుకు తెలుస్తుంది. ఆయన మంచివాడే. తెలియగానే తనే ఇంటికి వచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. మా భయం అదే. ఆయన అడ్వాన్సు ముట్టుకున్నవాళ్లు అది తీరేదాకా ఆయన పడుగే నేయాలి. తీరినవాళ్లను నేను చూడలేదు. ఇరుగుపొరుగును అడిగినా అంతే, వీధిలో మాట ఒక కొస నుంచి ఇంకో కొసకు పోవడానికి చాయ్ తాగినంత సేపు పడుతుంది. ఇరవై రోజులు ఎవరినీ ఏమీ అడగకుండా గడిస్తేనే జొన్న కంకి మగ్గమెక్కుతుంది. లేకపోతే ఆ పట్టు కూడా షావుకారు ఏనుగుల కిందికే పోతుంది.

దారి చూపింది అవ్వ. "రేపు పొద్దుగాల యాదమ్మ వాళ్ల పడుగు సాపుడున్నది," అంది, ఏమీ ఎరగనట్టు.

పడుగు సాపుడంటే, మగ్గానికి ఎక్కించే ముందు దారాన్ని వీధి పొడుగునా రెండు కొసలా కట్టి పరిచి, చిక్కులు విడదీసి, తెగిన పోగులు అతికించడం. ఒక ఇంటివాళ్లతో అయ్యే పని కాదు, చేతులు కావాలి. అందుకే మా దగ్గర దీనికి పిలుపులుండవు. పడుగు పరిచింది కనిపిస్తే ఇంటికొకరు వచ్చి నిలబడతారు. ఎండ ఎక్కేలోపు పని అవుతుంది. అయ్యాక ఆ ఇంటివాళ్లు అందరికీ చాయ్ పోసి, కడుపునిండా పెట్టాలి. ఉప్మానో, జొన్నరొట్టెలూ కూరానో. పెట్టడం దయ కాదు, తినడం అడుక్కోవడం కాదు. ముప్పై మగ్గాల వీధిలో రెండు రోజులకొకసారి ఎవరిదో ఒకరిది పడుగు ఉండనే ఉంటుంది. ఇంటికొకరు రావాలన్నది ఆచారం. నలుగురు రాకూడదని ఎక్కడా లేదు.

ఆ ఇరవై రోజులు మాకున్నంత సేవాభావం మా వీధిలో ఇంకెవరికీ లేదు. ఆరు గంటలకల్లా అమ్మ ఒక కొసన, బాపు ఇంకో కొసన, నడుమ నేను. నిలబడలేని అవ్వ కుర్చీ తెచ్చుకొని, "గాడ పోగు తెగింది జూడుండ్రి" అని అజమాయిషీ చేసేది. ఆమె చూపుకు పోగు కాదు కదా పడుగే సరిగా కనిపించదు. నేను తిని కాలేజీకి పోయేదాన్ని. ఎవరింట్లో ఉప్మాలో పల్లీలు ఎక్కువ వేస్తారు, ఎవరింట్లో రొట్టెలు పలుచగా వస్తాయి అన్న విషయంలో నా అంత లోతైన పరిశీలన ఆ ఊళ్లో ఎవరూ చేసి ఉండరు. నాలుగో పడుగుకో అయిదో పడుగుకో, ఎదురింటి యాదమ్మత్త ఆ ఇంటివాళ్లకు సాయంగా చాయ్ గ్లాసులు అందిస్తూ ఆగింది. యాదమ్మత్త నోటికి వీధిలో షావుకారు కూడా పక్కకు తప్పుకునేవాడు.

"ఏం వదినా, మీ ఇంట్ల పొయ్యి అలిగిందా ఏంది? యాడ పడుగు పరిస్తె ఆడ నలుగురు దిగుతాండ్రు."

అమ్మ మొహం తిప్పుకుంది. అవ్వ మాత్రం నెమ్మదిగా చాయ్‌లో చక్కెర కలుపుకుంటూ, "పని నేర్చుకుంటాంది మా పిల్ల. మడత గుర్తు గూడ తెల్వదట, సిగ్గుపోతాంది," అంది.

యాదమ్మత్త నన్ను చూసింది. తర్వాత మా వాకిట్లో దండెం మీది పట్టు వైపు చూసింది. ఆమె చిన్నప్పుడే రెండెకరాల సేద్యం, పెద్దయ్యాక సంసారమంతా లెక్కల మీదే నడిపిన మనిషి. "నేర్సుకోవాలె బిడ్డా," అని నా ప్లేట్లో ఇంకో రొట్టె వేసి పోయింది. అంతే. ఇంకేమీ అడగలేదు.

నాలుగు రోజులకు మళ్లీ యాదమ్మత్త పడుగు పరిచింది. చిక్కుబడ్డదట. ఇంకో వారానికి మళ్లీ పరిచింది, ఈసారి పోగులు వదులయ్యాయట. ఒక పడుగును మూడుసార్లు సాపిన ఇల్లు మా ఊళ్లో అంతకుముందు లేదు. చూడబోతే ఆ నెల వీధిలో అందరి పడుగులకూ ఏదో ఒక రోగం వచ్చింది. ఉత్త రోజుల్లో కూడా ఏదో ఒక ఇంటి నుంచి, "పుంటికూర ఎక్కువైంది, పారేసుడెందుకు" అని గిన్నె వచ్చేది. ఎవరూ ఏమీ అడగలేదు, మేమూ ఏమీ చెప్పలేదు. షావుకారుకు మాత్రం చివరిదాకా తెలియలేదు. చాయ్ తాగినంత సేపట్లో వీధంతా తిరిగే మాట ఇరవై రోజులు ఎట్లా ఆగిందో, ఆ విషయం మీద నేనిప్పటికీ ఆశ్చర్యపోతుంటాను.

నలభయ్యో రోజు బాపు ఏడో చీర దింపి మజూరీ తెచ్చాడు. ఆ తర్వాత కొన్ని వారాలకు చిటికి కట్టి, రంగులద్ది, జొన్న కంకి పడుగు వీధిలో పరిచాడు. నేనెన్నో పడుగులు చూశాను కానీ, ఆకుపచ్చ మీద పసుపు గింజలు మసకమసకగా వీధి పొడుగునా పరుచుకొని ఉంటే, పొద్దుటెండలో ఎవరో చేను తెచ్చి మా ఇంటి ముందు ఆరేసినట్టుంది. ఇంటికొకరు రాలేదు. ఇంటిల్లిపాదీ వచ్చారు. ముసలివాళ్లు కుర్చీలు తెచ్చుకున్నారు. పిల్లలు బడి ఎగ్గొట్టారు. పడుగుకు చెయ్యి తగిలించే జాగా లేక సగంమంది ఊరికే నిలబడి సలహాలు చెప్పారు. అమ్మ పెద్ద వంట గంజు పొయ్యి మీద పెట్టింది. బాపు ఎంతమందికి వండుతున్నావని కాగితం తీయబోతే, "గా కాగితం తీస్తే పొయ్యిల పెడ్త," అంది. యాదమ్మత్త లోపలికి వచ్చి కొంగు దోపుకొని రొట్టెలు కొట్టడం మొదలుపెట్టింది.

"ఎన్ని పడ్డయి?" అన్నాడు బాపు, అందరూ తిని పోయాక.

"ఏసినన్ని," అంది అమ్మ.

ఏడు చీరల్లో అయిదు అమ్ముడుపోయాయి. ఆరోది షావుకారు తీసుకున్నాడు, డిజైన్ చూసి ఇస్తానని. ఏడోది అమ్మ కట్టుకుంది. నడవదన్న డిజైన్ మా వీధిలో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా రోజూ నడిచింది.

ఇదంతా తలుచుకుంటూ అక్కడే వంటింట్లో ఆ కాగితం తిరగేశాను. వెనకవైపు నేనెప్పుడూ చూడలేదు. అక్కడ మిగతా సగం ఉంది. అద్దంలో తిరిగొచ్చిన సగం కాదు, మేము నిజంగా తిన్న ఇరవై రోజులు. ఒక్కో గడిలో బాపు సన్నటి అక్షరాలు. ఎవరి పడుగు, ఎవరి ఇల్లు. ప్రతి గడి మీదా ఒక అడ్డగీత. ఒక్క గడి మీద మాత్రం గీత లేదు. అందులో "యాదమ్మ, మూడోమాటు" అని ఉంది.

"ఇదేంటమ్మా?" అన్నాను.

అమ్మ గోడ దిక్కు నుంచి తిరగకుండానే చెప్పింది. "మన పడుగు నాడు అందరు తిన్నరు, గీత కొట్టిండు మీ బాపు. యాదమ్మ వాళ్లింట్ల రెండు ప్రాణాలు తిన్నయి, రెండు గళ్లు పోయినయి. ఆమె వండుకుంట వండుకుంట తనకు మిగలలే. చాయ్ తాగి పోయింది. చాయ్ లెక్కకు రాదన్నడు."

"పదేళ్లలో వంద సార్లు తిని ఉంటుంది కదా మనింట్లో!"

"తిన్నది. పడుగు మీద తినలే. పడుగు మీద తిన్నది పడుగు మీదనే తీరాల్నట. మన పడుగు సాపే నాడే ఆమెకు ఒక్కపొద్దు ఉంటది. సోమారమైతే సోమారం, గురువారమైతే గురువారం."

నేను హైదరాబాదులో నా ఫోన్‌తో తిండి లెక్క నడుపుతాను. పది నిమిషాల్లో కందిపప్పు గుమ్మం ముందుకు వస్తుంది. నెల ఇరవయ్యో తారీఖున ఫోను, మీ తిండి ఖర్చు హద్దు దాటింది అని మర్యాదగా చెబుతుంది. డబ్బా ఎప్పుడూ ఖాళీ కాదు. ఖాళీ అయితే తెలిసే మనిషి కూడా పక్కింట్లో ఎవరూ లేరు. పక్కింటివాళ్ల పేరు నాకు వాళ్ల పార్సిళ్ల మీద చదివి తెలిసింది. ఇలాంటి నేను, పదేళ్లుగా మూతపడని ఒక్క గడిని చూసి ఊరుకోలేకపోయాను. లెక్కలు మూయడమే నా ఉద్యోగం. మరుసటి రోజు మా పడుగు సాపుడు కూడా ఉంది. శనివారం. నేను పొద్దున్నే లేచి సగ్గుబియ్యం నానబోశాను, అరటిపళ్లు తెప్పించాను, పల్లీలు ఉడకబెట్టాను. ఏ దేవుడి ఒక్కపొద్దు ఉపవాసమైనా ఇందులో ఏదో ఒకటి తినక తప్పదు.

ఇప్పుడు మా వీధిలో మగ్గాలు తొమ్మిది. పడుగు సాపడానికి ఆ రోజు ఏడుగురు వచ్చారు, వారిలో ఇద్దరు మోకాళ్ల నొప్పులవాళ్లు. యాదమ్మత్త ఒక కొస పట్టుకుంది. జుట్టంతా తెల్లబడింది, నోరు అట్లాగే ఉంది. పని అయ్యాక నేను పళ్లెం నిండా పెట్టి తీసుకెళ్లి ముందు నిలబడ్డాను.

"ఒక్కపొద్దు బిడ్డా."

"తెలుసత్తా. అన్నీ ఒక్కపొద్దుకు పనికొచ్చేవే."

ఆమె పళ్లెంలోకి చూసింది, నన్ను చూసింది. "కాయితం దొరికిందా?"

తల ఊపాను.

"గా గడి నిండితే ఇగ మీ బాపు నా పడుగు కాడికి అందరికంటె ముందు ఎందుకొస్తడే?" అంది యాదమ్మత్త. "మీ మామ పోయినంక నా పడుగుకు మొదటి చెయ్యి ఎవలదనుకున్నవ్? బాకీ ఉన్నడు గాబట్టి కోడి కూయకముందే వచ్చి నిలబడ్తడు. ఉండనీ గట్లనే. అరటిపండు ఒక్కటియ్యి, ఇంటికాడ తింట. ఈడ తింటె మీ బాపు చూస్తడు."

బాపు చూడనే చూశాడు. కళ్లద్దాలు సవరించుకొని దారం వైపు తిరిగాడు.

యాదమ్మత్త పడుగు సోమవారం అని తెలిసి ఒక రోజు సెలవు పొడిగించుకున్నాను. పోయి పోగులు విడదీశాను. ఆ పడుగు నక్షలో మడత గుర్తు ఎక్కడుందో అడగకుండానే పట్టుకున్నాను. తర్వాత ఆమె పెట్టిన ఉప్మా రెండుసార్లు వేయించుకొని తిన్నాను. ఇంటికి వచ్చి, రంగు ఆరిన అలమర మీద కాగితం పరిచి, గీత పడని ఆ గడి పక్కన, నేను తిన్న ఉప్మాకు ఇంకో గడి గీశాను. కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు వేసి ఉప్పు డబ్బా దాని మీద పెట్టాను.